టికెట్ లేని తీరం

"టికెట్ ఎక్కడ తీసుకోవాలి తాతయ్యా?"

2025 ఫిబ్రవరిలో, ఒడిశాలోని ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, రాత్రి పదకొండు దాటాక మా చెల్లెలి మనవడు అడిగిన మాట ఇది. హైదరాబాద్ నుంచి పెళ్లికని బరంపురం వచ్చారు. వాడికి తొమ్మిదేళ్లు. జంతువును చూడాలంటే ముందు కౌంటర్, తర్వాత క్యూ, ఆ తర్వాత కమ్మీలైనా అద్దమైనా అడ్డం ఉండాలి. వాడు ఎరిగిన పద్ధతి అదే. ఇక్కడ కౌంటర్ లేదు, క్యూ లేదు. చీకటి, ఉప్పు గాలి, కాళ్ల కింద జారే ఇసుక, అంతే. వాడు చటుక్కున ఫోన్‌లో టార్చ్ వేశాడు.

"ఆ లైటు ఆపీ బాబూ," అన్నాడు మా పక్కన కూర్చున్న పెద్దాయన. "తల్లి బెదిరిపోద్ది. వొగ్గీ, గుడ్డెట్టుకోనీ."

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక కనబడింది. నలభై కిలోల దాకా బరువుండే తల్లి తాబేలు, వెనక కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటిగా, గరిటెతో తోడినట్టు ఇసుక తోడి పక్కకు పెడుతోంది. మూరెడు లోతు గొయ్యి. అందులోకి పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు రెండేసి, మూడేసి జారుతున్నాయి. ఒక్కో తల్లి వందకు అటూఇటూగా పెడుతుంది. అయిపోయాక ఇసుక కప్పేసి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్ట చిప్పతో దబదబా కొట్టడం మొదలుపెట్టింది. మట్టింట్లో నేలకు దిమ్మిస వేసినప్పుడు వచ్చే చప్పుడు, అచ్చం అదే. నాలుగడుగుల అవతల ఇంకొకటి, దాని వెనక మరొకటి. తీరం పొడుగునా దిమ్మిసలే.

దాని కంటి కింద జిగటగా నీరు కారుతోంది. "ఏడుస్తోందా?" అన్నాడు వాడు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపేస్తుందని నేను చెప్పాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "పిల్లల్ని ఇసకలో వొగ్గీసి ఎల్తంది గదా మాస్టారూ, ఏడవదా మరి?" మా ఇద్దరి మాటలూ వాడు విన్నాడు. ఎవరిది నమ్మాడో నన్నడిగితే చెప్పలేను.

ఇంటికొచ్చాక నన్ను కుదురుగా పడుకోనివ్వనిది మాత్రం ఆ మొదటి ప్రశ్నే. ఎందుకంటే అందులో వాడి తప్పు లేదు, నాలాంటి వాళ్ల తప్పు ఉంది. ముప్పై ఏళ్లు ఛత్రపురం చుట్టుపక్కల బడుల్లో లెక్కలు చెప్పినవాణ్ణి నేను. ఏటా డిసెంబర్‌లో పిల్లల్ని బస్సెక్కించి, దాదాపు నూట యాభై కిలోమీటర్లు ప్రయాణం చేయించి భువనేశ్వర్ పక్కనున్న జూకి తీసుకెళ్లేవాళ్లం. పులిని చూపించి, పులిహోర పొట్లాలు పెట్టి, అర్ధరాత్రికి ఇళ్లకు చేర్చేవాళ్లం. బడికి పది పదిహేను కిలోమీటర్ల దూరంలో, ప్రపంచంలో చాలా కొద్దిచోట్ల మాత్రమే జరిగే సంగతి జరుగుతుంటే ఒక్క ఏడాది కూడా అక్కడికి తీసుకెళ్లలేదు. ఒకసారి నేనే అడిగాను. "రాత్రిపూట పిల్లలతో సముద్రం ఒడ్డా? ఎవడు బాధ్యత?" అన్నారు పైవాళ్లు. నేనూ ఇంకోసారి అడగలేదు. అడగకపోవడం నాకూ సుఖంగానే ఉండింది.

సంగతేమిటో తెలియనివారికి కాస్త చెప్పాలి. ఆలివ్ రిడ్లే అనే ఈ సముద్ర తాబేళ్లు లక్షల్లో ఒకేసారి ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. దీనికి స్పానిష్‌లో 'అరిబాడా' అని పేరు, అంటే రాక. ఒడిశాలో ఇలాంటి చోట్లు మూడు. గహీరమథ సంగతి శాస్త్రవేత్తలకు 1974లో తెలిసింది. తర్వాత దేవీ నది మొగ. చివరగా, 1994లో, మా గంజాం జిల్లాలోని ఋషికుల్య. 'శాస్త్రవేత్తలకు తెలిసింది' అని జాగ్రత్తగా అంటున్నాను. ఒడ్డున గుడిసె వేసుకుని బతికేవాళ్లకు తమ వాకిట్లోకి ఏటా ఎవరొస్తున్నారో 1994 దాకా తెలియకుండా ఉండదు కదా.

రావడం కూడా మన క్యాలెండర్ ప్రకారం కాదు. 2023లో 6 లక్షలు దాటి వచ్చాయి. 2024లో ఋషికుల్యకు గుంపుగా రానే లేదు. ఒడ్డంతా బోసిపోయింది. 2025లో ఫిబ్రవరి మూడో వారం నుంచి పది రోజుల్లో దాదాపు 7 లక్షలు. ఎందుకు మానేశాయి, ఎందుకు వచ్చాయి అంటే ఒక్క ముక్కలో జవాబు లేదు. గాలి దిశ, తీరం కోత, ఇసుక వాలు, నది మొగ కదలిక, ఇలా అనేకం కలిస్తేనే అవి ఒడ్డెక్కుతాయి. గేటు తెరిచే వేళలు రాసిన బోర్డు లేకపోవడమే అడవికీ జూకీ తేడా. అడవి అంటే చెట్లే కానక్కర్లేదు, మా వైపు ఇసుక కూడా అడవే.

లెక్కల మాస్టారిని కనుక ఇంకో లెక్క. ఈ తాబేళ్లు పెద్దవై గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. పెద్దయ్యాక చాలావరకు తాము పుట్టిన ప్రాంతానికే తిరిగొస్తాయి. వెయ్యి పిల్లల్లో ఒకటో రెండో మాత్రమే ఆ వయసు దాకా బతుకుతాయని చెబుతారు. అంటే ఆ రాత్రి మేం చూసిన గుడ్లలోంచి బయటపడి బతికిన ఆడ తాబేలు మళ్లీ ఈ ఇసుక తొక్కేది సుమారు 2040లో. అప్పటికి మా వాడికి ఇరవై నాలుగేళ్లు. నేనుంటానో లేదో. 'భావితరాల కోసం' అని సభల్లో ఊరికే అనేస్తాం గానీ, ఇక్కడ ఆ మాటకు తారీఖు ఉంది.

ఈ పదిహేనేళ్లూ ఆ ఇసుకను ఎవరు కాపలా కాస్తారు? నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది.

మొగకు అటూ ఇటూ ఉన్న ఊళ్ల పేర్లు చూడండి: పోడంపేట, గోఖరకుద, పురుణబంధ, కొంచెం కిందికి వస్తే ఆర్జిపల్లి. కొన్ని ఒడియా పేర్లు, కొన్ని 'పేట'లు, 'పల్లె'లు. ఒడియా వాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు బెస్తవాళ్లు తరాల కిందట ఈ తీరం పట్టుకుని పైకి వచ్చి స్థిరపడ్డారు. గోపాల్‌పూర్ నుంచి పూరీ దాకా సముద్రం ఒడ్డున నిలబడి తెలుగులో కేక వేస్తే తెలుగులో జవాబొస్తుంది. వాళ్లు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతారు. ఆంధ్రాలో వాళ్లు 'ఒడిశా వాళ్లు', ఒడిశాలో 'తెలుగు వాళ్లు'. అది వేరే కథ.

తాబేళ్ల కోసం ఒడిశా ప్రభుత్వం నవంబర్ 1 నుంచి మే 31 దాకా, ధామరా, దేవీ, ఋషికుల్య మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట మీద నిషేధం పెడుతోంది. కారణం సబబైనదే. తాబేలు చేప కాదు, ఊపిరి కోసం నీటిపైకి రావాలి. ట్రాలర్ వల సముద్రం అడుగున గంటల తరబడి ఈడుస్తుంటే అందులో చిక్కింది బయటికి రాలేక మునిగి చస్తుంది. ఏటా ఈ రాష్ట్ర తీరానికి వేలల్లో కళేబరాలు కొట్టుకొస్తాయి. నిషేధం వద్దని ఈ తీరంలో గట్టిగా వాదించేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వాళ్ల కోపం వేరే. ఆ ఏడు నెలల్లోనే కదా సముద్రం శాంతంగా ఉండేది! దాని వెనకాలే జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా ఉండే 61 రోజుల వేట విరామం ముగుస్తుంది. ఆ తర్వాత వానాకాలం, అల్పపీడనాలు. ఇక వేట చేసుకునేది ఎప్పుడు?

దీనికి ప్రభుత్వం జీవనభృతి అని కొంత సొమ్ము ఇస్తుంది. అది ఎంత, సరిపోతుందా అన్న చర్చ ఏటా నడుస్తుంది. నాకు అసలు అభ్యంతరం దాన్ని 'సాయం' అనడంలోనే ఉంది. ఇది సాయం కాదు, కూలి. ప్రపంచానికంతటికీ పనికొచ్చే పని ఒకటి ఆ ఊరివాళ్లు చేస్తున్నారు: పడవ ఒడ్డున పెట్టుకుని కూర్చోవడం అనే పని. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఎండలో నిలబడితే జీతం ఇస్తాం, సాయం ఇవ్వం. కూలి అని రాస్తే దానికి తేదీ ఉంటుంది, ఆలస్యమైతే అడిగే హక్కుంటుంది, ఇంట్లో ఆడమనిషి పేరు కూడా పట్టీలో ఉంటుంది. సాయం అని రాస్తే ఆఫీసు ముందు నిలబడి దండం పెట్టాలి. నాకు తెలిసిన ఒక కుటుంబానికి ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా వల్ల రెండేళ్లు ఆ సొమ్ము రాలేదు. తెలుగు ఇంటిపేరును ఒడియా గుమాస్తా ఇంగ్లిష్‌లో ఎలా రాస్తే అదే వాళ్ల పేరు. కాగితం పట్టుకుని నేనూ వెంట తిరిగాను కాబట్టి చెబుతున్నాను. మూడోసారి వెళ్లినప్పుడు ఆ గుమాస్తా, "తాబేళ్లు మీ దగ్గరికే ఎందుకొస్తాయండీ, ఇంకెక్కడికైనా పొమ్మనండి," అని నవ్వాడు. హాస్యానికే అన్నాడులెండి.

ఇదంతా చిన్న ఊళ్ల గొడవలే అనుకుంటే పొరపాటు. తాబేలు తప్పించుకుని బయటపడేలా వలకు అమర్చే పరికరం మన ట్రాలర్లు సరిగా వాడటం లేదని అమెరికా 2019 నుంచి భారత్ సముద్రాల్లో పట్టిన రొయ్యల దిగుమతి ఆపేసింది. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఆ బాధ లేదు. అంటే కొచ్చి నుంచి పారాదీప్ దాకా ఎవరో ఆ పరికరం బిగించకపోతే, దాని దెబ్బ సముద్రంలో రొయ్య పట్టే ప్రతి ఒక్కరి ధర మీదా పడింది. చిన్న పడవవాడు వేట మానుకుని కూర్చోవడమూ, పెద్ద ట్రాలర్ రాత్రి దొంగచాటుగా హద్దు దాటడమూ ఒకే తీరంలో జరుగుతుంటే, కూర్చున్నవాడికి మండదా?

మళ్లీ ఒడ్డుకు వస్తాను. పోడంపేట వెళ్లినవారికి తెలుస్తుంది. పాత ఊరిని సముద్రం కోసేసింది. జనం లోపలికి, కొత్త కాలనీకి వెళ్లిపోయారు. పాత ఊళ్లో సగం గోడలు, తలుపుల్లేని ద్వారబంధాలు, గదుల్లో మోకాలి లోతు ఇసుక. ఒక ఇంట్లో గోడగూడు ఇంకా ఉంది, దీపం మసితో సహా. ఆ గోడ పక్కనుంచే తాబేలు నడిచిన జాడ, ట్రాక్టర్ టైరు గుర్తులా. ఊరు వెళ్లిపోయాక అది వచ్చిందని కాదు. ఊరు ఉన్నప్పుడూ వచ్చేది. ఇద్దరికీ ఇప్పుడు మిగిలిన ఇసుక తక్కువ.

తుఫాన్ల భయంతో తీరం పొడుగునా సరుగుడు తోటలు వేశారు. 1999 పెను తుఫాన్ తర్వాత, మళ్లీ 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటాక, ఆ భయాన్ని కాదనడం కష్టం. ఆ రాత్రి మా ఇంటి పైకప్పు రేకులు ఎటు ఎగిరిపోయాయో ఇప్పటికీ దొరకలేదు. కానీ సరుగుడును మరీ నీటి అంచు దాకా దింపితే తాబేలుకు గుడ్లు పెట్టే చోటే ఉండదు. ఇసుక కదలకుండా పట్టుకోవడానికి ఈ నేలకు తనదైన పాత చెట్టు ఒకటుంది, మొగలి. గంజాం మొగలిపువ్వుకూ, దాని అత్తరుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎవరూ నాటకుండానే వాగుగట్ల మీద, ఇసుక దిబ్బల వెనక పొదలుగా పెరుగుతుంది. వాసన మగ పువ్వుకే. తెల్లవారుజామున కొక్కెం కట్టిన కర్రతో, ఆకుల ముళ్లకు చేతులు గీరుకుంటూ కోసి, పొద్దెక్కకముందే బట్టీకి చేర్చాలి. ఆలస్యమైతే వాసన పోతుంది, ధరా పోతుంది. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి వైపు ఎన్నో కుటుంబాలకు అది చేతిఖర్చు. తమకు డబ్బిచ్చే పొద కాబట్టి ఆ పొదను ఎవరూ కొట్టరు. మ్యాపు మీద రేంజర్ గీసిన గీత కంటే ఈ గీరుకుపోయిన చేతులు ఇసుకను బాగా కాపాడాయని నా అభిప్రాయం. అడవుల శాఖ మిత్రులకు కోపం వస్తుందేమో, రానివ్వండి.

కంచె వద్దని అనడం లేదు. గుడ్లు పెట్టిన చోట చుట్టూ వల కట్టకపోతే కుక్కలూ, నక్కలూ తవ్వి తినేస్తాయి. అడవుల శాఖా, పురుణబంధ లాంటి ఊళ్ల కుర్రాళ్లూ కలిసి రాత్రుళ్లు ఆ వల దగ్గర కాపలా కాస్తున్నారు కాబట్టే ఈ సంఖ్యలు ఉన్నాయి. నా బాధల్లా కంచె అవతల నిలబడాల్సినవాళ్లలో మన పిల్లల్నీ కలిపేయడం గురించి. కనీసం చూడనివ్వకపోతే, పేరైనా తెలియకపోతే, 2040లో కాపలాకు ఎవడొస్తాడు?

పేర్లంటే గుర్తొచ్చింది. ఆ పెద్దాయన వేటకు వెళ్లినప్పుడు సముద్రంలో తన చోటును కొండ గుర్తుతో పట్టుకుంటాడు. ఒడ్డున కనబడే కొండ, దాని ముందు గుడి గోపురమో తాటిచెట్టో, రెండూ ఒక వరసలోకి వచ్చినప్పుడు వల దింపాలి. జీపీఎస్ వచ్చాక కూడా బ్యాటరీ అయిపోయినప్పుడు దారి చూపేది ఆ కొండే. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు ఏ గాలికి ఎక్కడ దొరుకుతాయో, నీటి రంగు మారితే ఏమిటో, తాబేళ్లు ఏ వారం నుంచి జంటలుగా తేలడం మొదలవుతుందో చెబుతాడు. చెప్పేదంతా తెలుగులోనే. ఆయన మనవడు చదివేది ఒడియా బడిలో. వాడికి ఒడియా పాఠంలో సముద్రం గురించి ఉన్నది రెండు పేరాలు, అందులో నెత్తళ్లు లేవు. పదో తరగతి కాగానే సూరత్ మిల్లుకో, చెన్నై ట్రాలర్ మీదికో పోతాడు. తాత దగ్గర ఉన్న మాటలు తీసుకునేవాడు లేడు. వాడు తెలుగు చదవలేడు, ఆయన ఏ భాషా రాయలేడు.

ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు. ఒక చోటు గురించి వందేళ్లు పోగుపడ్డ ఎరుక మాటల్లోనే ఉంటుంది. మాట పోతే ఆ ఎరుకా పోతుంది. ఈ సంగతి మన పక్క జిల్లాలోనే ఒక పంతులుకి బాగా తెలుసు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా గిడుగు రామమూర్తిని ఏటా ఆగస్టు 29న దండ వేసి గుర్తు చేసుకుంటాం. పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేస్తూ ఆయన మహేంద్రగిరి చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించడానికి బడులు పెట్టించి, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారన్నది దండ వేసేటప్పుడు అంతగా తలుచుకోం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లడం నచ్చక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ కొండా, ఆ సవర ఊళ్లూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అడవి పక్క పిల్లలకు వాళ్ల మాటలో చదువు చెప్పాలన్న ఆలోచన మాత్రం వెనకబడింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నెత్తళ్ల లెక్క ఒక్కటీ బోర్డు మీద వేయలేదు. రైళ్లు ఎదురెదురుగా వస్తే ఎప్పుడు కలుస్తాయో మాత్రం వెయ్యిసార్లు వేయించాను.

మహేంద్రగిరి పేరెత్తాను కాబట్టి: 1,501 మీటర్ల ఆ కొండను 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. శివరాత్రికి శ్రీకాకుళం నుంచి మందస మీదుగా, ఇటు పర్లాకిమిడి వైపు నుంచి వేల మంది ఎక్కుతారు. పైన కుంతి గుడి, భీముడి గుడి. నేను మూడుసార్లు ఎక్కాను. భక్తికి లోటు లేదు. మర్నాడు పొద్దున్న గుడి వెనక నీళ్ల సీసాలకూ, గుట్కా పొట్లాలకూ లోటు లేదు. ఆ కొండ మీద పుట్టిన మహేంద్రతనయ కిందికి దిగి, శ్రీకాకుళం జిల్లాలో పొలాలు తడిపి, బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన పారేసింది కిందికే వస్తుందని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రీకూర్మంలో కూర్మావతారానికి మొక్కి వచ్చినవాళ్లే బీచ్‌లో పాలిథిన్ సంచి గాలికి వదలడం చూశాను. ఇందులో వెటకారం లేదు. గుడిలో ఉన్న తాబేలుతో మనకు పరిచయం ఉంది, ఇసుకలో ఉన్న దానితో లేదు. అంతే.

పరిచయం ఉన్నచోట ఎలా ఉంటుందో చూడాలంటే అస్కా దాటి భేట్నోయి, బాలిపదర్ వైపు వెళ్లండి. వరి కోసేశాక పెసర, మినుము చేలలో కృష్ణజింకలు రైతు పక్కనే మేస్తుంటాయి. కంచె లేదు, అభయారణ్యం అన్న బోర్డూ లేదు. ఒకప్పుడు కరువులో ఈ జింకలు వచ్చాకే వానలు పడ్డాయని అక్కడి నమ్మకం. పంట తిన్నా కొట్టరు, కుక్కలు తరిమితే రైతే పరిగెత్తుతాడు. 2018 గణనలో జిల్లాలో 4 వేలు దాటిన జింకలు, 2023 నాటికి 7 వేలు దాటాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకే. దాన్ని అంత దగ్గరగా చూడాలంటే ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దాటి మా జిల్లాకు రావడమే సులువేమో అని మా బంధువులతో అంటుంటాను.

అయితే అన్ని జంతువులూ జింకలు కావు. ఒడిశాలోని లఖారీ లోయ నుంచి దిగిన ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు అరటితోటలు తొక్కేసి, మనుషుల్నీ చంపాయి, కరెంటు తగిలి అవీ చచ్చాయి. భర్తను ఏనుగు తొక్కేసిన ఇల్లాలి దగ్గరకెళ్లి ప్రకృతితో మమేకం అవ్వమని చెప్పే ధైర్యం నాకు లేదు. అక్కడ కావలసింది ముందుగా వచ్చే ఫోన్ మెసేజ్, వారంలో అందే నష్టపరిహారం. ఎవరి వాకిట్లోకి ఏ జంతువు వస్తుందో వాళ్లను అడిగి పద్ధతి పెట్టాలి. అడిగితే అడ్డం తిరుగుతారని అధికారులకు భయం. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలను అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. కొండను కాపాడింది అడగడమే.

మా తీరంలో అడగాల్సినవి ఇంత పెద్ద ప్రశ్నలు కూడా కాదు. ఉదాహరణకు దీపాలు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరు. ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతుంది. లక్షల ఏళ్లుగా రాత్రిపూట నీటి వైపే వెలుతురు ఎక్కువ. ఇప్పుడు వెనక హైవే, ఢాబాలు, ఫ్యాక్టరీ గేట్లు, గుడి మైకు పక్కన సీరియల్ బల్బులు. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే ఆ రెండు వారాలు ఊళ్లలో లైట్లు ఆర్పించడం తేలికగానే జరుగుతోంది. ఆర్పేది ఎప్పుడూ పేదవాడి వీధి దీపమే అవుతోంది. హైవే పక్క హైమాస్ట్ ఆరడం నేను చూడలేదు. దానికి కాస్త మూత బిగించి వెలుతురు కిందికే పడేలా చేయడానికి ఎంత ఖర్చవుతుందో ఏ ఎలక్ట్రీషియన్‌ని అడిగినా చెబుతాడు.

ఆ ఏడాది మే మొదట్లో సెలవులకు మా వాడు మళ్లీ వచ్చాడు. మార్చిలో ఆలస్యంగా పెట్టిన గుడ్లు అప్పటికి పగులుతున్నాయి. ఈసారి టికెట్ అడగలేదు, టార్చ్ తేలేదు. "ఆ ముసలాయన ఉన్నాడా?" అని అడిగాడు. ఉన్నాడు. వల లోపల ఇసుక ఒకచోట మెల్లగా కుంగింది, ఉడుకుతున్న అన్నంలా కదిలింది. అందులోంచి అగ్గిపెట్టె అంత కూడా లేని నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటపడ్డాయి. కుర్రాళ్లు బకెట్లలోకి ఏరి, నీటికి పది గజాల దూరంలో వదిలారు. ఆ కాస్త దూరం అవే నడవాలట.

చాలావరకు నీటి వైపే వెళ్లాయి. ఓ ఇరవై దాకా వెనక్కి, హైవే వెలుతురు వైపు తిరిగాయి. పెద్దాయన మా వాడి భుజం పట్టుకుని వాటికీ ఆ వెలుతురుకూ మధ్యలో నిలబెట్టి, తన తువ్వాలు విప్పి వాడి చేతుల మధ్య తెరలా పట్టించాడు. తువ్వాలు నీడలోకి వచ్చిన పిల్లలు కాసేపు ఆగాయి. ఒకటి తిరిగింది. దాని వెనక ఇంకొకటి.

"చేతులు నొప్పెడుతున్నాయి తాతా," అన్నాడు వాడు. నన్ను కాదు, ఆయన్ని.

"దించీకు. ఇంకా ఏడున్నాయి," అన్నాడు ఆయన, ఇసుకలోకి వంగి లెక్కపెడుతూ.